పేరు మాత్రం చెప్పలేదు

నా పేరు ప్రిస్కిల్లా. వయసు యాభై మూడు. ఇతరుల రహస్యాలు దాచడం నా ఉద్యోగం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. బాపట్లలో మా చెల్లెలైతే ఈ వార్త విని ఫోను పక్కన పెట్టి మరీ నవ్వి వచ్చింది. నా నోట్లో నువ్వుగింజ నానదని నా చిన్నప్పుడే మా అమ్మ చుట్టాలందరికీ చాటింది. ఆ చాటడంలో ఆవిడ నోట్లో ఎన్ని గింజలు నానాయో నేనడగను.

డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు సైకాలజీ చెప్పాను. ఆ పైన కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేశాను. యూనివర్సిటీ పిల్లలకి వీడియోలో కౌన్సెలింగ్ ఇప్పించే ఒక సంస్థ నన్ను తీసుకుంది. తార్నాకలో మా ఫ్లాటులో కూర్చుని, హాస్టళ్ళలో ఉన్న పిల్లలతో లాప్‌టాప్‌లో మాట్లాడాలి. మా బాల్కనీలో నిలబడితే ఆ క్యాంపస్ చెట్లు కనిపిస్తాయి. గేటు దాటి నడిస్తే ఇరవై నిమిషాల్లో హాస్టల్ వస్తుంది. అయినా మేం కలుసుకోకూడదు, అది రూలు. పక్కింటావిడకి పోస్టులో ఉత్తరం రాసినట్టుంటుంది మా వ్యవహారం.

మా సూపర్‌వైజరు దేవేందర్ గారు మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మూడు రోజులూ ఒకటే మాట. పిల్లలు చెప్పింది గది దాటకూడదు. ప్రాణం మీదకొచ్చే మాట వింటే మాత్రం వెంటనే తనకి చెప్పాలి, ఇంకెవరికీ కాదు. నేను నోట్సు రాసుకున్నాను. ఆ మాట కింద ఎర్ర ఇంకుతో గీత కూడా కొట్టాను. గీతలు కొట్టడంలో నన్ను మించినవాళ్ళు ఈ జంటనగరాల్లో లేరు.

మా పడగ్గదే నా ఆఫీసు. ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్, వెనక బీరువా కనపడకుండా దుప్పటి, పక్కన టేబుల్ ఫ్యాను. మా ఆయన యాకోబు గారు రైల్వేలో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. నేను మాట్లాడుతున్నప్పుడు లోపలికి రావద్దని తలుపు మీద కాగితం అంటించాను. ఆ కాగితం మీద ఏం రాసిందో చదవడానికి కళ్ళజోడు కావాలని తలుపు తీసి నన్నే అడిగారు.

ప్రవళిక నా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. జనగామ దగ్గర చిన్న ఊరు. తల్లి ఊళ్ళో బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. హాస్టల్ గదిలో ఇంకో ముగ్గురు ఉంటారు కాబట్టి, సైకిల్ స్టాండు వెనక మూతబడ్డ జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుని, ఒళ్ళో పాత లాప్‌టాప్ పెట్టుకుని మాట్లాడేది. హాస్టల్ వైఫై అక్కడిదాకా అందేది. ఎవరైనా దగ్గరికొస్తే చటుక్కున గొంతు మార్చి, "చిన్నమ్మా, కోడి పొదిగిందా?" అనేది. అప్పుడు నేను చిన్నమ్మనైపోవాలి. "గుడ్ల మీదనే కూసున్నది బిడ్డా" అని నేను తెలంగాణ యాస పట్టబోతే పిల్ల నవ్వు ఆపుకోలేకపోయేది.

"మేడం, మీరు ఊకోండ్రి. మీ యాస ఇంటే కోడి లేసి పోతది."

ఆ పిల్ల నవ్విన రోజు నాకు పండగే. ఎందుకంటే నవ్వే స్థితిలో లేదు తను. మొదటి ఏడాది రెండు పేపర్లు పోయాయి. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయాయి. ఒకరోజు పొద్దున స్నానం చేసి, ల్యాబు కోటు వేసుకుని, డిపార్ట్‌మెంట్ మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. మర్నాడు మెట్ల దాకా కూడా వెళ్ళలేదు. అప్పటికి రెండు నెలలుగా క్లాసు లేదు, ల్యాబు లేదు. మెస్సుకి వెళ్తే తోటివాళ్ళు ఎందుకు రావట్లేదని అడుగుతారని మెస్సు కూడా మానేసింది. అరటిపళ్ళు, బిస్కెట్లు, నీళ్ళు. సాయంత్రం ఆరింటికి మాత్రం తల్లికి ఫోను చేసి, ఆ రోజు క్లాసులో ఏం చెప్పారో పూసగుచ్చినట్టు చెప్పేది. జరగని పాఠాలు!

ఒక శుక్రవారం నాతో అన్నది, "పండుకున్నంక మల్ల పొద్దుగాల లేవకుంటే మంచిగుండు అనిపిస్తది మేడం."

నేను తొణకలేదు. నేర్పిన ప్రశ్నలన్నీ సూటిగా అడిగాను. ఏమైనా చేసుకోవాలని ఉందా అంటే లేదంది, ఊరికే అట్లా అనిపిస్తుందంది. కాల్ కట్ చేయగానే దేవేందర్ గారికి చెప్పాను. ఆయన అరగంటలో ఒక మానసిక వైద్యురాలి దగ్గర వచ్చే గురువారం పదకొండింటికి టైము ఇప్పించారు. మందులు కావాల్సి రావచ్చు, ఆ గురువారం తప్పకూడదు అన్నారు. ప్రవళికకి ఫోను చేసి చెప్తే ముందు వద్దంది. చివరికి, "మీరు చెప్పిండ్రని పోత మేడం. మీకు తప్ప ఎవ్వరికి చెప్పుకోలే నేను" అన్నది.

ఇక్కడిదాకా నేను చేసినదంతా పద్ధతిగానే చేశాను. కథ ఇక్కడ ఆగి ఉంటే నాకు శాలువా కప్పొచ్చు. కానీ మర్నాడు శనివారం.

శనివారం సాయంత్రం మా చర్చి స్త్రీల కూడిక. ఆ వారం బౌద్ధనగర్‌లో గ్రేసక్క ఇంట్లో పెట్టుకున్నాం. నాతో కలిపి పన్నెండుమందిమి. పాటలు, వాక్యం అయ్యాక ప్రార్థన అంశాలు చెప్పుకుంటాం. ఒక్కొక్కరూ తమ కష్టం చెప్తే మిగతావాళ్ళు దాని కోసం ప్రార్థిస్తారు. మంచి ఆచారం. దాన్ని నేనేమీ అనను, అనేది నన్ను. ఆ అంశాల్లో ఎవరూ పైకి ఒప్పుకోని పోటీ ఒకటుంది. ఒకామెకి అల్లుడి బదిలీ, ఒకామెకి కిడ్నీలో రాయి, ఒకామెకి కోర్టులో ఇంటి కేసు. ఏళ్ళ తరబడి నాకు రెండే అంశాలు, నా షుగరు, యాకోబు గారి మోకాలు. ఆ మోకాలి మీద అందరికీ ఆసక్తి పోయి చాలా కాలమైంది. నా వంతు రాగానే గ్రేసక్క టీ పెట్టడానికి లేస్తుంది.

ఆ రోజు కూడా లేవబోయింది.

"కూర్చో అక్కా. ఒక బిడ్డను గురించి చాలా భారంగా ఉంది" అన్నాను.

గ్రేసక్క కూర్చుంది! నా వంతులో గ్రేసక్క కూర్చోవడం అదే మొదలు.

"పేరు చెప్పను" అని మొదలుపెట్టాను. పేరు మాత్రం చెప్పలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అన్నాను. రెండో సంవత్సరం అన్నాను. జనగామ వైపు పిల్ల అన్నాను. రెండు నెలలుగా మెస్సు మొహం చూడలేదని, అరటిపళ్ళ మీద బతుకుతోందని, రోజూ ఆరింటికి తల్లికి దొంగ పాఠాలు అప్పజెప్తోందని, పొద్దున్నే లేవకపోతే బాగుండు అనుకుంటోందని చెప్పాను. రేషన్ కార్డులో కూడా అన్ని వివరాలుండవు. మధ్యలో నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు నిజమే. కాకపోతే ఏడుస్తూనే ఒక కంటితో చూసుకున్నాను, అందరూ వింటున్నారా లేదా అని. వింటున్నారు. కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు. పావుగంట ప్రార్థించారు నా అంశం కోసం. కిడ్నీలో రాయికి కూడా ఏనాడూ అయిదు నిమిషాలు దాటలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మనసు దూదిపింజలా ఉంది. భారమంతా దేవుడి చేతిలో పెట్టేశాననుకున్నాను.

మంగళవారం నాలుగింటికి ప్రవళిక తెర మీదకి వచ్చింది. తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది. మూడు వారాల్లో ఆ పిల్ల జడ చూడటం అదే మొదటిసారి.

"మేడం, నిన్న మెస్సుల అన్నం తిన్న. పప్పుచారు రెండుసార్లు పోయించుకున్న."

నా ప్రాణం లేచొచ్చింది. "అబ్బ, ఎంత మంచి మాట చెప్పావమ్మా! ఎలా జరిగిందిది?"

"మీరు నమ్మరు మేడం. ఆదివారం మా హాస్టల్ ఆఫీసుల పనిచేసే సుకన్య ఆంటీ నా రూముకొచ్చింది. ఎన్నడు పలకరించలే ఆమె నన్ను. టిఫిన్ డబ్బల బగారన్నం తెచ్చింది. నా చెయ్యి పట్టుకొని, బిడ్డా, నువ్వు తింటలేవు, క్లాసుకు పోతలేవు, మీ అమ్మకు రోజు ఉత్త ముచ్చట్లు చెప్తున్నవు, పొద్దుగాల లేవొద్దు అనుకుంటున్నవు, నాకు ఎరుకే అన్నది. నాకు ఒళ్ళంత జలదరించింది మేడం."

శనివారం నా ఎదురుగా మోకరించి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్న సుకన్య కళ్ళ ముందుకొచ్చింది. వాళ్ళ తాతలది గుంటూరు, తను పుట్టి పెరిగింది వారాసిగూడలో. హాస్టల్ ఆఫీసులో క్లర్కు. మెస్సు హాజరు రిజిస్టరు రాసేది ఆమే. ఈ సంగతి నాకు పదేళ్ళుగా తెలుసు. తెలిసే ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాను, మహాతల్లిని.

"నీకెట్ల ఎరుక ఆంటీ అని అడిగిన మేడం. ప్రభువు నాకు చూపించిండు బిడ్డా అన్నది. నేను మీకు తప్ప ఈ భూమ్మీద ఎవ్వరికి చెప్పలే. మా దోస్తులకు గూడ తెల్వదు. నిజంగనే దేవుడు చెప్పిండంటరా?"

నేను పక్కకి తిరిగి ఫ్యాను వేగం ఒకటి పెంచాను.

"మీరే ఎవలకన్న చెప్పిండ్రేమో అని ఒక్క నిమిషం అనుమానమొచ్చింది మేడం. మల్ల లెంపలేసుకున్న. పాపం తగుల్తది గట్ల అనుకుంటే."

ఆ మాటకి నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. కదలకుండా కూర్చున్నాను. నోరు సగం తెరిచి, రెప్ప వెయ్యకుండా. నెట్‌వర్క్ ఆగిపోతే మనుషులు తెర మీద ఎలా బిగుసుకుపోతారో అలా. ఎమ్మే సైకాలజీ, ఇరవై ఆరేళ్ళ అనుభవం.

"మేడం? హలో? హ్యాంగ్ అయినట్టున్నరు మేడం."

ఊపిరి బిగబట్టాను.

"మేడం, మీ పక్కన ఫ్యాను తిరుగుతనే ఉన్నది."

సరిగ్గా అప్పుడే యాకోబు గారు టీకప్పుతో లోపలికొచ్చి, "చక్కెర వెయ్యలేదు ప్రిస్కిల్లా, చల్లారిపోకముందే తాగు" అని కప్పు బల్ల మీద పెట్టి, తెరలో ఉన్న పిల్లకి నమస్కారం పెట్టి వెళ్ళారు. నేను ఇంకా బిగుసుకునే ఉన్నాను. ప్రవళిక కిసుక్కున నవ్వింది.

"సరే మేడం, మీకేదో పరేషాన్ ఉన్నట్టున్నది. ఒక్క మాట చెప్పి పెట్టేస్త. గురువారం డాక్టరమ్మ కాడికి పోను. దేవునికే ఎరుకైనంక ఇగ డాక్టరెందుకు? సుకన్య ఆంటీ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీస్కపోత అన్నది."

"అలా కాదమ్మా, ప్రవళికా…" నాకు కదలిక వచ్చేసరికి తెర నల్లబడింది.

రెండు నెలలు అన్నం తినని పిల్లకి ఉపవాసం! టీ తాగకుండానే సుకన్యకి ఫోను చేశాను.

"వందనాలక్కా!" సుకన్య గొంతులో సంబరం. "మీ ప్రార్థన అంశం దొరికింది. పేరు చెప్పకపోయినా పట్టేసిన. రెండు నెలల సంది మెస్సు రిజిస్టర్ల గైర్హాజరు ఆ కెమిస్ట్రీ పిల్ల ఒక్కతే ఉన్నది. ఇంటికి పోయిందేమో అనుకున్న నేను ఇన్ని రోజులు."

"దేవుడు చూపించాడని ఎందుకు చెప్పావు సుకన్యా?"

"మరేం చెప్పాలె? ప్రిస్కిల్లక్క చెప్పింది అంటే మీ ఉద్యోగం పోతది. దేవునికి ఉద్యోగం పోయేదేం లేదు గద."

అరవడానికి ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఏమని అరవను? నా నోట్లోంచి పడిందే కదా ఆమె ఏరుకుని వెళ్ళింది. పైగా చర్చి నుంచి వచ్చి, బగారన్నం వండుకుని మరీ వెళ్ళింది. ఆ పిల్ల చేత నేను మూడు వారాల్లో ఒక్క ముద్ద తినిపించలేకపోయాను. ఉపవాసం మాత్రం వద్దు, ఆ పిల్ల ఆరోగ్యం బాగాలేదు అని చెప్పి ఫోను పెట్టేశాను.

యాకోబు గారికి అంతా చెప్పాను. చెప్పాక గుర్తొచ్చింది, అది కూడా చెప్పకూడదని. ఆయన మోకాలికి నూనె రాసుకుంటూ విన్నారు.

"నేను దీనికి ప్రార్థనా చేసుకుంటున్నాను, డాక్టరు దగ్గరికీ వెళ్తున్నాను. రెండూ చెయ్యొచ్చని ఆ పిల్లకి చెప్పు. నీ సంగతి ఎత్తాల్సిన పనేముంది?" అన్నారు.

ఎంత చక్కని దారి! నాకు ఉద్యోగం ఉంటుంది, పిల్లకి దేవుడుంటాడు, సుకన్యకి చర్చిలో చెప్పుకోవడానికి సాక్ష్యం ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఈయన మాట ఇంత తొందరగా నేనెప్పుడూ ఒప్పుకోలేదు. బుధవారం నాలుగింటికి ఒక్క పది నిమిషాలు మాట్లాడాలని ప్రవళికకి మెసేజ్ పెట్టాను.

బుధవారం అదే అరుగు మీద కూర్చుంది. నేను ఆ మోకాలి పాఠం మొదలుపెట్టాను. దేవుడే డాక్టర్లనీ ఇచ్చాడు, ప్రార్థనా చెయ్యి, ఆసుపత్రికీ వెళ్ళు అన్నాను. గొంతు తేనెలో ముంచి మరీ చెప్పాను.

"మందులు అందరికి మేడం" అన్నది ప్రవళిక. "నాకోసం దేవుడు సొంతంగ మనిషిని తోలిండు. గిప్పుడు నేను డాక్టర్ కాడికి పోతే ఆయన్ని నమ్మనట్టే గద. నేను పోను."

అంత నమ్మకంగా ఆ పిల్ల ఏ మాటా అనలేదు ఇంతవరకూ. నా వాగుడులోంచి పుట్టిన దేవుణ్ణి పట్టుకుని డాక్టర్ని వదిలేస్తోంది. రేపు పదకొండు దాటిపోతే, ఈ బగారన్నం సంబరం నాలుగు రోజుల్లో చల్లారాక, మళ్ళీ ఏదో ఒక పొద్దున లేవాలనిపించకపోతే? నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందన్న భయం దీని ముందు చీమ కుట్టినంత కూడా కాదు.

"ప్రవళికా, దేవుడు చెప్పలేదమ్మా. నేను చెప్పాను."

శనివారం ఎక్కడ కూర్చున్నానో, ఏమేం చెప్పానో, ఎందుకు చెప్పానో అంతా చెప్పేశాను. గ్రేసక్క లేవకుండా కూర్చోవాలని చెప్పానని కూడా చెప్పాను. నీ మీద ప్రేమతో చెప్పానని అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే అందులో సగమే నిజం.

ప్రవళిక రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆగిపోయింది నెట్‌వర్కేమో అనుకున్నాను. కాదు. ఎవరో ఇద్దరు సైకిళ్ళు నడిపించుకుంటూ ఆ పక్కగా వెళ్తున్నారు.

"చిన్నమ్మా, కోళ్ళన్ని సచ్చిపోయినయా?" అన్నది ప్రవళిక, నా మొహంలోకే చూస్తూ.

"చచ్చిపోయాయమ్మా. నేనే చంపుకున్నాను."

సైకిళ్ళ వాళ్ళు కనుమరుగయ్యేదాకా వాళ్ళవైపే చూసింది. కట్ చేస్తుందనుకున్నాను. కట్ చేస్తే ఆ పిల్లకి చెప్పుకునే దిక్కు ఇంకెవరూ లేరు.

"గంత పెద్ద దేవునికి నేను యాదికున్ననా అనుకున్న మేడం" అన్నది చివరికి. "గా సంతోషానికే తిన్న బువ్వ. అది గూడ గుంజుకున్నరు మీరు."

"తప్పు చేశాను ప్రవళికా. నా మీద ఎంత కోపమైనా పెట్టుకో, కంప్లైంట్ ఇవ్వు. రేపు డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళు."

"ఎంతమంది ఉన్నరు ఆడ?"

"నేను కాక పదకొండుమంది."

"అంతేనా?"

"మా ఆయనకి… నిన్న ఆయనకి కూడా చెప్పాను."

"పన్నెండు." పిల్ల ముక్కు తుడుచుకుంది. "పన్నెండుమందికి ఎరుక. మా అమ్మకు ఎరుక లేదు."

ఆ మాట అని తనే ఉలిక్కిపడింది. కింద పెట్టిన ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

"ఇంకెవలో పోయి మా అమ్మకు చెప్పకముందు నేనే చెప్త. మీరు లైన్ల ఉండుండ్రి మేడం, నాకు ఒక్కదానికి భయమైతది. కని మాట్లాడొద్దు. మ్యూట్ పెట్టుండ్రి."

పెట్టాను. ఆ బొత్తాం మీద నమ్మకం లేక నోటికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాను.

ఫోను స్పీకర్లో పెట్టింది. అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు.

"ఏంది బిడ్డా, ఇంక ఆరు కాలే గద?"

"అమ్మా, నేను క్లాసుకు పోతలే."

"ఎందుకు? ఇయ్యాల సెలవా?"

"ఇయ్యాల గాదమ్మా. రెండు నెలలాయె. పేపర్లు మల్ల పోయినయి. నాకు పోబుద్ధి అయితలే. సిగ్గయితున్నది."

గిన్నెల చప్పుడు ఆగింది. పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ మౌనంలో చెప్పడానికి నా దగ్గర యాభై మంచి వాక్యాలున్నాయి, డిప్లొమాలో నేర్చుకున్నవి. ఒక్కటీ చెప్పలేదు. చెయ్యి నోటికి ఎంత గట్టిగా నొక్కుకున్నానంటే ఉంగరం పెదవికి గుచ్చుకుంది.

"మరి రోజు చెప్పేటియి?"

"అన్ని ఉత్తయే అమ్మా."

"మొన్న చెప్పినవు గద, ఒక్క సుక్క ఏస్తే నీళ్ళన్ని గులాబి రంగైతయని. అది గూడనా?"

"అది నిరుడు చేసింది."

"అది మంచిగుండె బిడ్డా. బడిపిల్లలకు గూడ చెప్పిన నేను."

ప్రవళికకి ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే మిగతాదీ చెప్పేసింది. తినకపోవడం, పొద్దున్నే లేవొద్దనిపించడం, రేపటి డాక్టరు. అవతల ఆ తల్లి గొంతు ఒక్కసారిగా పగిలింది.

"నోర్ముయ్యే! నువ్వు లేవకుంటే నేనెవల కోసం లేవాలె? వస్తున్న నేను. పొద్దుగాల మొదటి బస్సుకే వస్తున్న."

"మరి బడిల వంట?"

"ఎనభైమందికి ఎవలన్న వండుతరు. నా బిడ్డ రెండు నెలల సంది తినలేదంటే నేనెవలకు వండుతున్నట్టు? డాక్టరమ్మ ఏడ ఉంటదో అడిగి పెట్టుకో. ఇద్దరం పోదాం. ఇగ ఆ చదువు సంగతి తర్వాత."

ఫోను పెట్టేశాక ప్రవళిక చున్నీతో మొహమంతా తుడుచుకుంది. కళ్ళు ఉబ్బిపోయాయి. అయినా భుజాలు దిగాయి, ఊపిరి నిండుగా తీసుకుంది.

"మా అమ్మ హాస్టల్ల ఉండాలంటే పర్మిషన్ కావాలె. సుకన్య ఆంటీనే అడుగుత. ఆమెకెట్లాగు అన్ని ఎరుకే. ఇయ్యను అంటే, నాకు గూడ దేవుడు చూపించిండు, నీతోనే దస్కతు పెట్టిస్తనన్నడు అని చెప్త."

చేతి వెనకాల నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇంకొకటి మేడం. మీతోని ఇగ మాట్లాడ నేను. వేరే మేడంను అడుగుత. మీరు మంచోళ్ళే. కని మీతోని చెప్పాలంటే భయమైతది నాకు."

నేను తలూపాను. తను కట్ చేసింది. మ్యూట్ తియ్యాల్సిన అవసరం రాలేదు.

అరగంటలో సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది. విద్యార్థిని కౌన్సెలర్ని మార్చమని కోరింది, ఫారం చూసి సమ్మతి తెలపండి అని. ఫారం తెరిచాను. ఎందుకు మారుస్తున్నారో రాయడానికి పెద్ద గడి ఒకటుంటుంది అందులో. అక్కడ తను ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ పూటే నన్ను తీసేస్తారు. ఆ సంగతి మొదటి రోజే పిల్లలందరికీ చెప్తాం, ప్రవళికకి నేనే చెప్పాను. ఆ గడి ఖాళీగా ఉంది. పైకీ కిందకీ జరిపి చూశాను, ఎక్కడా ఏమీ లేదు.

తన మాట నేను పన్నెండుమందికి చెప్పాను. నా మాట తను ఒక్కరికి కూడా చెప్పలేదు.

యాకోబు గారు తలుపు తోసి, మళ్ళీ టీ పెట్టనా అన్నారు. వద్దన్నాను. ఆ గడి నేనే నింపి దేవేందర్ గారికి పంపాను.